స్టాచ్యూ ఆట

మృదుల పెట్టెను హాస్టలావిడ గేటు బయట పెట్టించిన సాయంత్రం నుంచి యాదలక్ష్మి పరుగెత్తుతూనే ఉంది. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఒకే బెంచీ మీద కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు చదివిన స్నేహితురాలు మృదుల. చదువుకునే గదిలో మూర్ఛ వచ్చి పడిపోయిందని ఆ పిల్లను చీకటి పడకముందే ఊరి బస్సు ఎక్కించేశారు. ఆ రోజు యాదలక్ష్మి గేటు దగ్గరే నిలబడింది. ఒక్క మాట పెగల్లేదు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ గొంతు ఎండిపోతుంది. మాట రాకపోయినా కాళ్లున్నాయి కదా అనుకుని, మూర్ఛ రోగుల సహాయ సంఘం వాళ్ల మారథాన్‌కు పేరిచ్చింది. నలభై రెండు కిలోమీటర్లు.

పరుగు ఆమెది, నోరు తండ్రిది. సీతారాములు చైతన్యపురిలోని ఒక బడి పిల్లల్ని ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇళ్లకు చేర్చే స్కూల్ ఆటో నడుపుతాడు. కూతురు అడగలేని చందాలను అతనే అడిగాడు. సంఘం పోస్టర్‌ను ఆటో వెనకాల తనే జిగురు పూసి అంటించాడు. పిల్లల తల్లిదండ్రులు కనిపిస్తే చాలు, "మా బిడ్డ ఉరుకుతున్నది మేడమ్, రోగమంటే భయపడొద్దని ఉరుకుతున్నది" అని చెప్పుకున్నాడు.

పోయిన వారం మనం యాదలక్ష్మిని దిల్‌సుఖ్‌నగర్‌లో సంఘం వాళ్ల గదిలో, తనలాగే పరుగుకు పేరిచ్చిన వాళ్ల మధ్య కూర్చోబెట్టి వచ్చాం. అప్పుడు ఆమె నవ్వుతూ ఉంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఏవండీ, మీ ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వచ్చి పడిపోయారనుకోండి. మొట్టమొదట ఏం చేస్తారు?" అని అడిగారు సంఘం పెద్ద వెంకట్రావు గారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ మందుల షాపు పెట్టుకున్న మనిషి. ఆయన పెద్ద కూతురికి ఈ జబ్బు ఉంది.

"చేతిల తాళంచెవులు పెడ్తం సార్!" గది గదంతా ఒక్క గొంతుతో చెప్పింది.

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అదిగో! మనిషి కింద కొట్టుకుంటుంటే ఊరంతా తాళాలు వెతుకుతుంది. బీరువా తాళం తెస్తారు, బండి తాళం తెస్తారు, ఆఖరికి పక్కింటావిడ గోదాం తాళం కూడా తెస్తారు. ఆ మనిషిని పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ఇనుములో ఏమీ లేదమ్మా. ఫిట్స్ దానంతటదే ఆగుతుంది. సరిగ్గా అది ఆగే వేళకి మీ తాళం దొరుకుతుంది. పేరంతా తాళానికి పోతుంది!"

అందరూ నవ్వారు. యాదలక్ష్మీ నవ్వింది.

"ఇంకోటి చెబుతాను. ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడం ఒక్కటే కాదు." ఆయన కుర్చీలో కూర్చుని, చూపు గోడకు అతికించి, పెదవులు చప్పరించడం మొదలుపెట్టారు. బొటనవేలితో చొక్కా గుండీని రుద్దుతూ పోయారు. ముందు వరసలో వాళ్లు "సార్, సార్" అని పిలిచినా పలకలేదు. కాసేపటికి తేరుకున్నట్టు నటించి, "ఆఁ? ఏవిటి, పిలిచారా?" అన్నారు. మళ్లీ నవ్వులు.

ఈసారి యాదలక్ష్మి నవ్వలేదు. తండ్రి ఆటో తాళం గుత్తికి అరచేతి పొడవున ఒక ఇనుప తాళంచెవి వేలాడుతుంది. అది ఏ తాళానికీ పట్టదు. చిన్నప్పుడు అడిగితే, "బండికి దిష్టి తగలకుండ బిడ్డా" అన్నాడు. ఆ చప్పరించే పెదవులను కూడా ఆమె చిన్నప్పుడు చూసింది, ఈమధ్య మళ్లీ చూస్తోంది. తంబాకు మానేసినప్పటి అలవాటు అని ఇంట్లో అందరూ అనుకుంటారు.

కాదులే, అనుకుంది. ప్రతి ఆటోకూ ఏదో ఒకటి కట్టే ఉంటుంది. ఒకరు నిమ్మకాయ కడతారు, ఒకరు పాత చెప్పు కడతారు. నాన్న ఇనుము కట్టాడు. క్లాసు అయ్యేదాకా తనకు తాను ఇదే మాట చెప్పుకుంది. మెట్లు దిగేటప్పుడూ చెప్పుకుంది.

మామూలుగా అయితే ఆమె మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి ఇంటికి పోయేది. బడి వదిలే వేళ కావడంతో తండ్రికి ఫోన్ చేసి, నడుచుకుంటూ వచ్చి చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద నిలబడింది. సన్నగా ముసురు పట్టింది. బోనాల పండక్కి కట్టిన లైట్ల కమాను కింద నుంచి, రెండు వైపులా బ్యాగులు వేలాడేసుకుని ఆటో వచ్చింది.

"పోలీసక్క ఒచ్చింది! జరుగుండ్రి, జరుగుండ్రి!" వెనక సీట్లో నుంచి అభిరామ్ అరిచాడు. ఐదో తరగతి వాడు, ఆటోలో అందరికంటే పెద్దవాడు. "అక్కా, మాకు చలాన్ రాస్తవా? ఎనిమిది మందిమి ఉన్నం."

"నువ్వొక్కనివే ఇద్దరంత ఉన్నవ్. తొమ్మిదని రాస్తది," అన్నాడు సీతారాములు.

పిల్లలు విరగబడి నవ్వారు. యాదలక్ష్మి తండ్రి పక్కన డ్రైవర్ సీటు అంచున ఒదిగి కూర్చుంది. ఆటో కదిలింది. హ్యాండిల్ కింద తాళం గుత్తి ఊగుతోంది. ఆ ఇనుప తాళంచెవి తుప్పు పట్టి లేదు. రోజూ చేతులు తాకే గేటు గడియలాగా నున్నగా ఉంది. దిష్టికి కట్టిన దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

"నాన్న, గీ పెద్ద తాళంచెవి దేనిది?"

"చెప్పిన గద చిన్నప్పుడే. దిష్టికి."

"దిష్టికి నిమ్మకాయ ఉన్నది గద ముందట."

"నిమ్మకాయ వారానికి ఎండుతది. ఇనుము ఎండుతదా?" అని నవ్వాడు. "క్లాసుకు పోయొచ్చినవంటే శాన సవాళ్లు నేర్సినవ్. ఏం చెప్పిండ్రు ఇయ్యాల?"

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. తండ్రి పెదవులు కదులుతున్నాయి. మాట కోసం కాదు. ఏదో రుచి చూస్తున్నట్టు, చప్పరిస్తున్నట్టు. ఎడమ చేతి బొటనవేలు హ్యాండిల్ రబ్బరును రుద్దుతోంది, రుద్దుతోంది.

"నాన్న."

పలకలేదు.

ముందు కొత్తపేట చౌరస్తా సిగ్నల్ ఎర్రగా పడింది. పక్కన బైకులు ఆగాయి, కార్లు ఆగాయి. ఆటో ఆగలేదు. "నాన్న!" అని భుజం పట్టి కుదిపింది. మనిషి కర్రలా ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఆటో గీత దాటి చౌరస్తాలోకి దూసుకుపోయింది. కుడి వైపు నుంచి వచ్చే సిటీ బస్సు డ్రైవర్ బ్రేకు మీద నిలబడ్డట్టున్నాడు, ఆ చప్పుడుకు యాదలక్ష్మి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి బస్సు ముఖం వెనకబడిపోయి, ఆటో అవతలి ఒడ్డున ఉంది. చేతికి అందిన ఆ హ్యాండిల్‌ను ఆమె రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"అంకుల్ సూపర్! బస్సునే ఆపినవ్!" అని వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు.

సీతారాములు చేతి పట్టు వదులైంది. ఆటో వేగం తగ్గింది. అతను కూతురి వైపు తిరిగాడు. "ఏంది బిడ్డా, పిలిచినవా?"

ఆ మాట, ఆ గొంతు, అచ్చం వెంకట్రావు గారు నటించినట్టే ఉన్నాయి.

"సిగ్నల్ దాటినం," అంది.

"పచ్చగనే ఉండె గద."

అబద్ధం చెప్పే మనిషి ముఖం కాదు అది. పచ్చగా ఉందనే నమ్ముతున్నాడు. ఎల్బీనగర్ చౌరస్తా ఇంకా ముందుంది. అక్కడ నాలుగు దిక్కుల నుంచి లారీలు వస్తాయి. బండి ఆపమంటే ఎందుకంటాడు, పిల్లలను దింపినంక మాట్లాడుకుందాం అంటాడు. వాదించి గెలవడం ఆమె వల్ల ఎన్నడూ కాలేదు.

"నాన్న, వాంతొస్తున్నది. జల్ది ఆపు."

అంతే. సీతారాములు మారు మాట్లాడకుండా ఆటోను ఎడమ పక్కకు కోసి, బోరు మోటార్లు బాగుచేసే షాపు ముందర ఆపాడు. "పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా లేదా? నీళ్లు ఇయ్యాల్నా?" అని సీటు కింద సీసా కోసం వంగాడు. అతను వంగిన ఆ క్షణంలో యాదలక్ష్మి తాళం గుత్తిని ఊడబెరికి పిడికిట్లో పెట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది.

వెనక సీట్లో నుంచి హన్విక తల బయట పెట్టింది. రెండో తరగతి పిల్ల, రెండు పిలకలు. "అక్కా, స్టాచ్యూ ఆట మొదలాయెనా? పెద్ద తాళం నాకియ్యి. ఇయ్యాల నా వంతు."

"నీదెట్లయితది? మొన్న నువ్వే పెట్టినవ్! ఇయ్యాల నాది!" అన్నాడు అభిరామ్.

"మొన్న అంకుల్ జల్దిగ లేసిండు, గది లెక్క గాదు!"

యాదలక్ష్మి ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏం ఆట హన్వీ?"

పిల్ల సీతారాములు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి రహస్యం చెప్పినట్టు చెప్పింది. "అంకుల్ బండి పక్కకు ఆపి స్టాచ్యూ అయితడు. మేం పెద్ద తాళం చేతిల పెడ్తం. లేసేదాంక ఎవ్వరు దిగొద్దు. మమ్మీకి చెప్పొద్దు. చెప్తే ఆట పోతది."

వాన చినుకులు ఆటో పైకప్పు మీద టపటపా పడుతున్నాయి. సీతారాములు నీళ్ల సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇటు రా నాన్న," అంది యాదలక్ష్మి.

ఇద్దరూ షాపు గోడ వారన, పిల్లలకు కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో నిలబడ్డారు.

"తాళమియ్యి బిడ్డా. పిల్లలు ఆకలి మీదున్నరు."

"ఎప్పటిసంది?"

"ఏది?"

"నాన్న, నేను ఇయ్యాల క్లాసులో గదే నేర్సుకొని ఒచ్చిన. నాకు అబద్ధం చెప్పకు."

అతను తల దించుకున్నాడు. చెప్పులతో నేల మీది తడి మన్నును అటూ ఇటూ నెట్టాడు. "నువ్వు కడుపుల ఉన్నప్పటిసంది. నడుమ శాన ఏండ్లు రాలే. పోయిందనుకున్న. మల్ల మొదలాయె."

"అమ్మకు తెల్సా?"

"గోలీలు ఏసుకుంటనని తెల్సు. బీపీవి అనుకుంటది."

"గోలీలు ఏసుకుంటే మరి ఎందుకొస్తున్నది?"

ఈసారి సీతారాములు తల ఎత్తాడు. తను చేసిన మంచి పనిని ఎవరో ఒకరు అడిగే రోజు వచ్చిందన్నట్టు అతని గొంతు ధీమాగా పలికింది. "రోజు ఏసుకోను. ఏసుకుంటే నిద్రొస్తది. పిల్లలను ఎక్కించుకొని కునుకు తీస్తనా? నా పానం మీద ఒట్టు, బడి ఉన్న దినం ఒక్క గోలీ ముట్ట. ఆదివారం ఏసుకుంట, పండుగలకు ఏసుకుంట. బడి దినం మాత్రం ముట్ట బిడ్డా."

కోప్పడదామంటే యాదలక్ష్మికి ఎక్కడ కోప్పడాలో తెలియలేదు. ఆ పిల్లల మీద ప్రేమతోనే, ఆ పిల్లలు బండిలో ఉన్న రోజుల్లోనే, ఆ మందు మానేశాడు.

"గోలీ మానితేనే ఒస్తది నాన్న! గది మానుడే ప్రమాదం! డాక్టర్ చెప్పలేదా?"

"డాక్టర్ శాన చెప్తడు."

"బండి తోలొద్దని చెప్పిండా?"

సీతారాములు నీళ్ల సీసా మూతను విప్పి మళ్లీ బిగించాడు.

"చెప్పిండు గద!"

"చెప్పిండు! చెప్తే?" అతని గొంతు ఒక్కసారి లేచి, పిల్లలు చూస్తున్నారని మళ్లీ పడిపోయింది. "నాకు ఇంకేమొస్తది లచ్చిమీ? ఊర్ల బాయి ఎండితే గీ మూడు చక్రాలు పట్టుకొని ఒచ్చిన. నాకు ముందుగాల తెలుస్తది. నోట్ల చిలుము రుచి ఒస్తది. ఒచ్చిందంటే పక్కకు ఆపుకుంట. ఇన్నేండ్లల్ల ఒక్క పిల్లకు గోరంత దెబ్బ తగిలిందా? అడుగు ఎవ్వలనన్న."

"ఇప్పుడు ఆపుకున్నవా?"

"ఎప్పుడు?"

"కొత్తపేట చౌరస్తాల. సిగ్నల్ ఎర్రగ ఉండె. పచ్చగ లేదు. బస్సు మన మీదికి ఒచ్చింది. నేను పిలిచిన, కుదిపిన. నువ్వు లేవు నాన్న ఆడ. హ్యాండిల్ నేను పట్టుకున్న."

సీతారాములు చౌరస్తా వైపు తిరిగి చూశాడు, అక్కడ ఏదైనా రుజువు పడి ఉందేమో అన్నట్టు. "రుచి రాలే," అన్నాడు మెల్లగా. "చిలుము రుచి రాలే బిడ్డా."

"ఒకోసారి రాదు. చెప్పకుండ ఒస్తది."

మెట్రో రైలు ఒకటి నెత్తి మీద నుంచి గడగడా పోయింది. ఆమెకు ఆటో వెనకాల పోస్టర్ కనిపించింది. కింద పడిన మనిషిని పక్కకు ఒత్తిగిలించే బొమ్మ, కింద పెద్ద అక్షరాలు.

"మరి గా పోస్టర్ ఎందుకంటిచ్చినవ్ నాన్న? నా కోసమా?"

"నీ కోసమే," అన్నాడు. తర్వాత, "నా కోసం గూడ," అన్నాడు. "ఎప్పుడన్న ఎక్కువైతే, ఎనకకెళ్లి ఒచ్చెటోళ్లు బొమ్మ చూసన్న నన్ను సరిగ పండబెడ్తరని."

యాదలక్ష్మి తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "ఆటో స్టాండ్ల ధనరాజ్ మామకు ఫోన్ చేద్దాం. ఆయన ఒచ్చి పిల్లలను దింపుతడు. మనం దవాఖానకు పోదాం."

"ధనరాజ్‌కు చెప్తే స్టాండ్ మొత్తానికి తెలుస్తది. రేపటిసంది పిల్లలను ఎవలు ఎక్కిస్తరు నా బండిల? మీ మృదులను హాస్టల్ల ఉంచిండ్రా? నన్ను ఉంచుతరా రోడ్డు మీద?" ఆమె చేతిని విడిపించుకున్నాడు. "ఇయ్యాల ఒక్కనాడు పోనియ్యి. మెల్లగ పోత. నువ్వు పక్కనే కూసో. పిల్లలను దింపినంక మాట్లాడుకుందాం."

సరిగ్గా అప్పుడే ఒక స్కూటీ వచ్చి ఆటో పక్కన ఆగింది. రెయిన్‌కోటు టోపీ వెనక్కి నెట్టి హన్విక తల్లి ప్రణతి దిగింది. మన్సూరాబాద్‌లో పాత రైతుల కుటుంబం వాళ్లది. ఇప్పుడు ఇళ్లు కట్టి అమ్ముతారు. పరుగుకు మొదటి చందా ఇచ్చింది ఆమే.

"ఏమైంది సీతారాములన్నా? బండి ఖరాబయిందా? ఇటు నుంచి పోతుంటే పిల్లలు కనబడ్డరు."

సీతారాములు క్షణం ఆలస్యం చేయలేదు. "ఏం లేదు మేడమ్. మా పిల్లకు వాంతులైతున్నయ్. ఎండల వానల ప్రాక్టీసని తిరుగుతది గద."

"అయ్యో, నీళ్లు తాగు లక్ష్మీ. మొఖమంతా పీక్కపోయింది." ప్రణతి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒక పని చేద్దాం అన్నా. నేను ఈమెను స్కూటీ మీద మీ ఇంటి కాడ దింపుత. మీరు పిల్లలను తీస్కపోండ్రి."

"మంచిది మేడమ్. పుణ్యముంటది మీకు," అన్నాడు సీతారాములు. అంటూ కూతురి వైపు చెయ్యి చాచాడు. అరచెయ్యి తెరిచి ఉంది. తాళం కోసం.

తను ఆడిన అబద్ధమే తనను బండి దింపేస్తోంది. యాదలక్ష్మి పిడికిలిని వీపు వెనక పెట్టుకుంది. ఇంతమంది ముందు, ఇంత పెద్దింటి ఆడమనిషి ముందు, తండ్రికి ఎదురుగా. గొంతు ఎప్పటిలాగే ఎండిపోయింది. అయినా మాట్లాడింది.

"నాకు వాంతులు లేవు మేడమ్. నాన్నకు... నాన్నకు మూర్ఛ ఉన్నది. ఇప్పుడే సిగ్నల్ కాడ ఒచ్చింది. బండి ఆయన తోలొద్దు."

ప్రణతి ఆమెను చూసింది, అతన్ని చూసింది. "ఏంది అన్నా?"

సీతారాములు నవ్వాడు. ఆ నవ్వు యాదలక్ష్మి ఎన్నడూ చూడనిది. "చూసిండ్రా మేడమ్. ఆ క్లాసులకు పోయినకాంచి గిట్లనే. నిన్న మా పక్కింటాయన తుమ్మితే గూడ ఫిట్సే అన్నది. ఎవల్ని చూసినా గదే కనబడ్తున్నది పిల్లకు."

"లేదు మేడమ్, నిజంగ. పిల్లలను అడుగుండ్రి. హన్వీని అడుగుండ్రి."

ప్రణతి ఆటో దగ్గరికి నడిచింది. పిల్లలందరూ గప్‌చుప్‌గా ఉన్నారు. ఆమె కూతురి గడ్డం పట్టుకుంది. "హన్వీ, నాకు నిజం చెప్పాలె. అంకుల్‌కి ఎప్పుడన్న ఏమన్న అయిందా? పడిపోవుడు గిట్ల?"

హన్విక కళ్లు సీతారాములు మీదికి వెళ్లాయి. అతను ఏ సైగా చేయలేదు. చేయాల్సిన అవసరం లేదు. రోజూ పొద్దున బ్యాగు మోసి, ఏడిస్తే పాట పాడి, వాన పడితే తన తువ్వాలు కప్పే అంకుల్. పిల్ల పెదవులు ముడుచుకుంది, పిలకలు ఊపుతూ తల అడ్డంగా ఆడించింది. "ఏం కాలే మమ్మీ. అంకుల్ మంచోడు."

"అభీ, నువ్వు చెప్పు."

అభిరామ్ బ్యాగు పట్టీ కొరుకుతూ రోడ్డు వైపు చూశాడు. "ఏం కాలే ఆంటీ."

ప్రణతి వెనక్కి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ కష్టంగా ఉంది. "లక్ష్మీ, నీకు టెన్షన్ ఎక్కువైంది. పరుగు, పరీక్ష, మీ దోస్తు సంగతి... నాకు అర్థమైతది. మీ నాన్నను నేను నాలుగేండ్ల నుంచి చూస్తున్న. పిల్లలు వానల తడుస్తున్నరు. తాళమియ్యమ్మా."

ఎవరూ నమ్మడం లేదు. తండ్రి చెయ్యి చాచే ఉంది, ప్రణతి చెయ్యి చాచింది. బోరు మోటార్ల షాపు మనిషి గ్రీజు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఏంది లొల్లి?" అన్నాడు. యాదలక్ష్మి వెనక గోడ, ముందు ఇద్దరు. ఎల్బీనగర్ వైపు ఫుట్‌పాత్ మాత్రం ఖాళీగా ఉంది.

చెప్పగలిగింది చెప్పేసింది. ఇంక చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. పిడికిలి బిగించి, తల వంచి, ఇద్దరి చేతుల మధ్య నుంచి దూరి, ఆమె పరుగు అందుకుంది.

"ఓయ్, లక్ష్మీ!" అంది ప్రణతి.

"లచ్చిమీ! ఆగు బిడ్డా!"

ఆగలేదు. తాళం లేని బండి కదలదు. బండి కదలకపోతే పిల్లలు బతికి ఇంటికి పోతారు. ఎలా పోతారో, ఎవరు తీసుకుపోతారో తర్వాత సంగతి. అంతవరకే ఆలోచించింది. చెరకు రసం బండిని, గొడుగుల వాళ్లను, మెట్రో మెట్ల దగ్గర గుంపును తప్పించుకుంటూ పోయింది. రోజూ గ్రౌండ్లో పరుగెత్తేటప్పుడు ఊపిరి లెక్క తప్పదు. ఇప్పుడు నాలుగు అడుగులకే ఆ లెక్క తప్పింది. పిడికిట్లో తాళాలు గుచ్చుకుంటున్నాయి.

వెనక తండ్రి రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది. అతనూ పరుగెత్తుతున్నాడు. యాభై దాటిన మనిషి, మధ్యాహ్నం బువ్వ తిన్నాడో లేదో, వానలో, పెద్ద రోడ్డు పక్కన.

"లచ్చిమీ! నాన్నను గద బిడ్డా!"

ఆ పిలుపు వెన్నులో దిగబడింది. కళ్ల నీళ్లు, వాన నీళ్లు కలిసి ముందేమీ కనబడటం లేదు. కొంచెం దూరం పోతే అలిసి ఆగిపోతాడు, తిరిగిపోయి కూర్చుంటాడు, అప్పుడు ధనరాజ్ మామకు ఫోన్ చేయాలి, అనుకుంది. వేగం పెంచింది.

"లచ్చిమీ! లచ్చి..."

పిలుపు సగంలో ఆగింది.

ఆమె ఇంకా రెండు అడుగులు వేసింది, మిగతా సగం కోసం ఎదురుచూస్తూ. అది రాలేదు. చెప్పుల చప్పుడు కూడా లేదు. ఒక బస్సు పొడుగ్గా హారన్ కొట్టింది. ఆ వెంటనే, చాలా వెనక నుంచి, ప్రణతి కాదు, ఇంకెవరో ఆడమనిషి కెవ్వున అరిచింది.

యాదలక్ష్మి నిలిచిపోయి వెనక్కి తిరిగింది. ఫుట్‌పాత్ మీద తండ్రి లేడు.